రెండు హాజరుపట్టీల మధ్య చదువు

మన సాహిత్యానికి పేద విద్యార్థి కొత్తవాడు కాడు. వారాలు చేసుకుని చదివినవాడు, ఎరువు తెచ్చుకున్న పుస్తకాన్ని రాత్రికి రాత్రి ఎత్తి రాసుకున్నవాడు, జీతం గడువునాడు బడి వరండాలో తలవంచుకు నిలబడినవాడు - వీళ్లందరినీ మన కథలు, నవలలు పరిచయం చేశాయి. ఈ రచనల్లో చాలా భాగం పేదరికాన్ని డబ్బు లేమిగానే చూశాయి. ఒక దాత దొరికితేనో, సర్కారు సాయం అందితేనో చిక్కు విడిపోయేది. బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాసిన రోజుల్లో కూలి బిడ్డ చదువులోకి అడుగుపెట్టడమే ఒక తిరుగుబాటు. కనక ఆ అడుగును గెలుపుగా చూపడం ఆ కాలానికి న్యాయమే. ఇవాళ సర్కారు సాయం ఉంది. కూలి బిడ్డ కళాశాల గడప దాటుతున్నది. దాటిన తర్వాత ఏం జరుగుతున్నదన్నది మన రచయితలు ఇంకా గట్టిగా పట్టించుకోని ప్రశ్న.

ఈ ప్రశ్నను పశ్చిమ ప్రకాశమని మనం వాడుకగా పిలుచుకునే నేలమీద - మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో - నిలబెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. చెప్పదలచిన మాట ఒక్కటే. సంక్షేమ సహాయం షరతుతో వచ్చినప్పుడు ఆ షరతు అడిగేది కాలాన్ని. పేద విద్యార్థి దగ్గర డబ్బుకంటే ముందు కరిగిపోయేదీ కాలమే. కనక షరతు బిగిసేకొద్దీ సహాయం చేరవలసినవాళ్లకే అది దూరమవుతుంది.

ఉపకారమా? వేతనమా?

ముందు ఒక మాటను పరిశీలిద్దాం. విద్యార్థికి ప్రభుత్వమిచ్చే సొమ్మును మనం 'ఉపకార వేతనం' అంటున్నాం. వేతనమంటే చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలం. ఉపకారమంటే ఇచ్చేవాడి దయ. ఈ రెండూ ఒక సమాసంలో ఇమిడిపోవడం వ్యాకరణానికి ఇబ్బంది కాదు గాని, జీవితానికి ఇబ్బందే. వేతనమైతే చదువు కూడా శ్రమేనని ఒప్పుకోవాలి; ఆ శ్రమ చేస్తున్నంతకాలం మనిషి బతకడానికి సరిపడా ఇవ్వాలి. ఉపకారమైతే ఎంతిచ్చినా ఎక్కువే, ఎప్పుడిచ్చినా ముందే, ఏ షరతు పెట్టినా న్యాయమే. మన ప్రభుత్వాలు దీన్ని ఉపకారంగా ఇస్తున్నాయి, వేతనంలాగా లెక్క అడుగుతున్నాయి.

చరిత్ర చూస్తే ఇది దయగా మొదలైంది కాదు. అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడుగా ఉన్న రోజుల్లో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు ఉపకార వేతనాలు ఆరంభమైనాయి. అది తరతరాలుగా చదువుకు దూరం చేయబడిన జనానికి చెల్లించవలసిన బాకీలో తొలి వాయిదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09 ప్రాంతంలో ఫీజు రీయింబర్సుమెంటు విస్తరించింది. 2020లో అది 'విద్యా దీవెన', 'వసతి దీవెన' అనే పేర్లు తొడుక్కుంది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అయింది. పేర్లు మారాయి, సొమ్ము తల్లి ఖాతాలో వెయ్యాలా కళాశాల ఖాతాలో వెయ్యాలా అన్నది మారింది. మారనిది ఒకటుంది: 75 శాతం హాజరు. హాజరు తగ్గితే సాయం లేదు.

పైకి చూస్తే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. చదువుకోవడానికి సొమ్మిస్తే తరగతికి రావద్దా? రావాలి. అయితే తరగతికి రావడానికి ఎవరికి ఎంత ఖర్చవుతుందో కూడా చూడాలి.

నేల చెప్పే లెక్క

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కోస్తా జిల్లాలో చేరినా ఈ నేల స్వభావం మాత్రం సీమదే. నల్లమల వంపున మెట్ట సేద్యం, వానమీదే ఆశ, బోర్లలో ఫ్లోరైడు నీళ్లు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఈ 28 ఏళ్లలో ఒక తరం పుట్టి, బడికి వెళ్లి, డిగ్రీ చదివి, పనికోసం హైదరాబాదుకో బెంగుళూరుకో బస్సెక్కింది. దేశంలో పిల్లల చేతికి పలకలందించిన ఊరు మార్కాపురం. నోటుపుస్తకాలు పలకను బడినుంచి గెంటేశాక ఆ గనుల్లోనూ, పలకల కర్మాగారాల్లోనూ కూలి దొరకడం కష్టమైంది. అక్షరానికి ఆధారమైన రాయిని చెక్కినవాళ్ల పిల్లలకు అక్షరం మాత్రం చవగ్గా దొరకలేదు.

ఇలాంటి చోట కుటుంబం బతికేది రెండు ఆధారాలమీద. ఒకటి వలస. పల్నాడు, గుంటూరు వైపు మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. రెండోది ఉపాధి హామీ పని. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఆ పథకం ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టాన్ని ఆమోదించింది. అందులో రోజులను 125 అన్నారు, సేద్యపు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజులదాకా పనులు ఆపే వీలుకూడా పెట్టారు. మొదటి చట్టంలోనూ రెండో చట్టంలోనూ గమనించవలసిన విషయం ఒకటే: ఈ రోజులు మనిషికి కావు, కుటుంబానికి. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి జాబ్ కార్డులో పేరు రాయించుకుని 30 రోజులు మట్టి మోస్తే, ఆ 30 రోజులు అమ్మానాన్నల వాటా నుంచే పోతాయి. అంటే బిడ్డ చదువు ఖర్చుకోసం ఇంటి ఆకలి కొంత సర్దుకోవాలి.

ఇప్పుడు తర్లుపాడు మండలంలోనో, కొనకనమిట్ల మండలంలోనో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. తండ్రి వలసలో ఉంటాడు. తల్లి ఉపాధి పనికి వెళుతుంది. 2020లో ప్రకటించిన పథకం ప్రకారం డిగ్రీ విద్యార్థికి వసతి, భోజన ఖర్చుల కింద ఏడాదికి 20,000 రూపాయలు. 365 రోజులకు పంచితే రోజుకు 55 రూపాయలు. కళాశాల పనిదినాలు 180 అనుకుని వాటికే పంచినా రోజుకు 111 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అదైనా కొలత ప్రకారమే; గట్టినేల తగిలి కొలత తగ్గితే కూలీ తగ్గుతుంది. మిరప కోతలోనైతే కూలి రోజు సాయంత్రానికో, వారం తిరిగేసరికో చేతిలో పడుతుంది. ఉపకార వేతనం వాయిదాలలో వస్తుంది. ఒక విద్యా సంవత్సరం సొమ్ము తర్వాతి సంవత్సరానికి జారడం ఈ రాష్ట్రంలో ఏ ప్రభుత్వ కాలంలోనూ అపూర్వమైన సంగతి కాదు.

హాజరు లెక్క చూద్దాం. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే 75 శాతానికి 68 రోజులు రావాలి. మానుకోగలిగినవి 22 రోజులు. జ్వరాలు, చావులు, పెళ్లిళ్లు, బస్సు రాని రోజులు అన్నీ ఈ 22లోనే. మిరప కోతకు తల్లితో వెళ్లి ఒక నెల ఉండివస్తే హాజరు దాటిపోతుంది. వెళ్లకపోతే పరీక్ష ఫీజుకు డబ్బుండదు. వెళితే ఉపకార వేతనం పోతుంది. అది పోతే కళాశాల ఫీజు మొత్తం తలమీద పడుతుంది. ఫీజు కట్టకపోతే సర్టిఫికెట్లు చేతికి రావు. కూలి మానితే చదువు ఆగుతుంది, కూలికెళితే చదువు పోతుంది. దీన్ని ఆ అమ్మాయి సోమరితనమనో, తల్లిదండ్రుల అజ్ఞానమనో అనేవాళ్లు ఈ కూడిక తీసివేతలు ఒకసారి చేసి చూడాలి.

ఇంకొక హాజరుపట్టీ పనిచోట ఉంది. 2023 జనవరి నుంచి ఉపాధి పనిచోట హాజరును ఫోనులో, రోజుకు రెండు ఫోటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. పొద్దున పనిచేసి తరగతికి పరుగెత్తుదామన్నా రెండో ఫోటోలో మనిషి కనిపించాలి. కళాశాలలో వేలిముద్రో ముఖమో యంత్రానికి చూపాలి. రెండు యంత్రాలూ ఒకే మనిషిని ఒకే రోజు రెండు చోట్ల ఉండమంటున్నాయి. రెండూ ప్రభుత్వానివే. రెండూ సంక్షేమం పేరనే నడుస్తున్నాయి.

వేసవి ఎవరిది?

పోనీ వేసవి సెలవులున్నాయి కదా అనవచ్చు. నిజానికి ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థులకు వేసవే ఆదాయపు కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి పనులు జోరుగా సాగుతాయి. చెరువు పూడిక తీత, కందకాలు, నీటి కుంటలు. తెల్లవారుజామున గడ్డపార పట్టి, ఎండ ముదిరేలోపు కొలత పూర్తిచేసుకునే పని. రెండు నెలలు కష్టపడితే వచ్చే ఏడాదికి పుస్తకాలు, బస్సు పాసు, రెండు జతల బట్టలు.

2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువుల ప్రణాళిక మారింది. మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత వేసవిలో రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివర ఒక సెమిస్టరంతా పనిచోట. ఉద్దేశం మంచిదే కావచ్చు. విద్యార్థి సమాజాన్ని చూడాలి, పని నేర్చుకోవాలి. కాని సామాజిక సేవకు కూలి లేదు, మార్కులే ఉన్నాయి. చివరి ఇంటర్న్‌షిప్‌లో వేతనమిచ్చే సంస్థలు పట్టణాల్లో ఉంటాయి. మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా దూరం. అక్కడ ఉండి పనిచేయాలంటే గది అద్దె, తిండి ఖర్చు విద్యార్థే భరించాలి.

ఇందులో ఉన్న వ్యంగ్యం కథారచయితలు గమనించదగ్గది. పట్నపు మధ్యతరగతి విద్యార్థికి పల్లెను చూడడం ఒక ప్రాజెక్టు. పల్లె కూలి బిడ్డ తన ఊళ్లోనే ఇల్లిల్లూ తిరిగి, ఎన్ని కుటుంబాలు కూలిమీద బతుకుతున్నాయో పట్టిక నింపాలి. ఆ పట్టికలో తన ఇల్లు కూడా ఒక వరస. ఆ పట్టిక నింపే వేళకు ఊరి చివర చెరువులో తన తల్లి తట్ట మోస్తుంటుంది. ఆ తట్ట మోయడం సామాజిక సేవ కాదట, చదువులో లెక్కకు రాదట. శ్రమను గురించి రాస్తే మార్కులు, శ్రమ చేస్తే సున్న.

షరతుకు మూలం

సహాయం కావాలంటే కష్టపడి చూపించాలనే ఆలోచన ఇవాళ్టిది కాదు. మన నేలకే దాన్ని గురించి పాత జ్ఞాపకం ఉంది. 1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో అతి దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మార్కాపురం, కంభం అప్పుడు ఆ జిల్లావే. కరువు సాయాన్ని పర్యవేక్షించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్, బరువు పని చేసే కూలీకి ఒక పౌను ధాన్యం, ఆపైన కొద్ది చిల్లర చాలునన్నాడు. సాయం కోరేవాళ్లు ఇంటికి దూరంగా ఉన్న పనిచోటికి నడిచి వెళ్లి చెయ్యాలనే పరీక్ష కూడా పెట్టారు. నిజంగా ఆకలి ఉన్నవాడే అంత దూరం వస్తాడన్నది తర్కం. నిజంగా ఆకలి ఉన్నవాడు అంత దూరం నడవలేడన్న సంగతి ఆ తర్కానికి తట్టలేదు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ ఈ కూలి మనిషిని బతికించదని వాదించాడు. చివరకు ఆ రేటును సడలించవలసి వచ్చింది. ఈలోగా లక్షల ప్రాణాలు పోయాయి. షరతు ఉద్దేశం అనర్హులను ఆపడమని పాలకులు అంటారు. అది ముందుగా ఆపింది అందరికంటే బలహీనులను.

ఇదే తర్కం సంపన్న దేశాల్లో ఎలా పనిచేసిందో కూడా చూడాలి. 1996 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక సంక్షేమ చట్టంమీద సంతకం చేశాడు. నగదు సాయం పొందే తల్లి వారానికి 30 గంటలు, ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే 20 గంటలు, పనిలో ఉండాలన్నది దాని నియమం. వృత్తి శిక్షణను పనిగా లెక్కపెట్టేది 12 నెలలవరకే. నాలుగేళ్ల డిగ్రీ ఆ 12 నెలల్లో ఇమడదు. కళాశాలలో చేరిన పేద తల్లులు చదువు మాని దొరికిన చిన్న పనుల్లో కుదురుకోవలసి వచ్చింది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో సంక్షేమ సాయంమీద చదివే విద్యార్థుల సంఖ్య ఆ తర్వాత బాగా పడిపోయింది. అక్కడి ఆహార సహాయ పథకంలోనూ, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, కళాశాల విద్యార్థి వారానికి 20 గంటలు పనిచేస్తేనే తిండికి సాయం. మరోపక్క మెయిన్ అనే చిన్న రాష్ట్రం చదివే తల్లులకు సాయం కొనసాగిస్తూ వేరే పథకం పెట్టుకుంది. చదువును కూడా పనిగా గుర్తించవచ్చునని, అందుకు ఆకాశం విరిగి మీద పడదని అది నిరూపించింది.

అమెరికాలో చదివేవాడిని పని చెయ్యమన్నారు. మన దగ్గర పనిచేసి బతికేవాడిని తరగతిలో కూర్చోమంటున్నారు. దిక్కులు వేరు గాని రెండు చోట్లా లోపల ఉన్న నమ్మకం ఒకటే: పేదవాడి కాలానికి విలువ లేదు, దాన్ని ఎటు కావాలంటే అటు మళ్లించవచ్చు. ఉన్నవాడి కొడుకు తరగతికి రాకపోతే అతను పోగొట్టుకునేది ఒక పాఠం. లేనివాడి కూతురు రాకపోతే పోగొట్టుకునేది మొత్తం చదువు. ఒకే నియమం ఇద్దరికీ సమానంగా వర్తించడంలో ఉన్న అసమానత ఇది.

ఒక ఆక్షేపణ

షరతు తీసేస్తే కళాశాలలు దొంగ హాజరుతో సొమ్ము కాజేస్తాయని ఒక వాదం ఉంది. ఇందులో కొంత నిజముంది. ఫీజు రీయింబర్సుమెంటుకోసమే పుట్టుకొచ్చిన కళాశాలలు మనకు తెలియనివి కావు. అయితే ఆ మోసం చేసేది యాజమాన్యం, శిక్ష పడేది విద్యార్థికి. పైగా హాజరు, చదువు ఒకటే అనుకోవడం పాత పొరపాటు. ఇంగ్లండులో బాలకార్మికులకు బడి హాజరు పత్రం ఉండాలని చట్టం వచ్చిన కొత్తలో, సంతకం చెయ్యడం రాని పంతుళ్లు గీత గీసి పత్రాలిచ్చిన ఉదంతాలను మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఎత్తి చూపాడు. కాగితంమీద హాజరుంది, బడిలో చదువు లేదు. పొద్దున తొమ్మిదికి వేలిముద్ర వేసి, మధ్యాహ్నం ఆటోమొబైల్ షాపుకో హోటలుకో వెళ్లే విద్యార్థులున్న చోట్ల, అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండని చోట్ల, యంత్రం నమోదు చేస్తున్నది కూడా అలాంటి గీతే. బడిపంతులుగా రోజూ హాజరు వేసేవాణ్ణి కనక చెబుతున్నాను: పట్టీలో ఉన్న గుర్తు పిల్ల వచ్చిందని చెబుతుంది, ఏ కడుపుతో వచ్చింది, ఏ పని మాని వచ్చింది అన్నది చెప్పదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి. వలస కుటుంబాల విద్యార్థులకు హాజరు మినహాయింపు వైద్య కారణాలకిచ్చినట్టే ఇవ్వాలి. తప్పిన పాఠాలు తిరిగి చెప్పించాలి. సామాజిక సేవకు, ఇంటర్న్‌షిప్‌కు కనీసం ఉపాధి కూలితో సమానంగా భృతి ఇవ్వాలి. విద్యార్థి పని రోజులను కుటుంబపు రోజుల నుంచి తియ్యకుండా విడిగా లెక్కించాలి. వేసవిలోనూ వసతి గృహాలు తెరిచి ఉంచాలి. ఉపకార వేతనం చదువు మొదలయ్యేనాటికి చేతిలో ఉండాలి. ఇవన్నీ దయ కావు. చదువు శ్రమ అని ఒప్పుకుంటే వాటంతట అవే వచ్చే హక్కులు.

రచయితలకు సంబంధించిన సంగతి

ఇది ఆర్థికశాస్త్రం వాళ్ల గొడవ, సాహిత్యానికేం పని అని కొందరికి అనిపించవచ్చు. సాహిత్యానికి ఇందులో పెద్ద పనే ఉంది. ఈ కొత్త పేదరికం కంటికి కనబడదు. చిరిగిన చొక్కా లేదు. ఫోనుంది, శుభ్రమైన బట్టలున్నాయి, బస్సు పాసుంది. పాత కొలబద్దతో చూసే కథకుడికి ఈ అమ్మాయి పేదరాలుగానే కనిపించదు. ఆమె దగ్గర లేనిది గంటలు. గంటల లేమిని చూపించడానికి కన్నీళ్లు సరిపోవు. ఆమె రోజును నిద్ర లేచింది మొదలు నిద్రపోయేదాకా లెక్కగట్టగలిగిన కథనం కావాలి. ఏ బస్సు ఎన్నింటికి, ఏ కొలతకు ఎంత కూలి, ఏ దరఖాస్తుకు ఏ ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్లు - ఈ వివరాలు తెలియకుండా రాసిన కథ సానుభూతి దగ్గర ఆగిపోతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కష్టాలన్నిటినీ దాటి బంగారు పతకం సాధించిన కూలి బిడ్డ కథ మన పత్రికలకు ఇష్టం. అలాంటి విజయాలున్నాయి, వాటికి చేతులెత్తి మొక్కాలి. కాని ఒకరు దాటారు కాబట్టి గోడ లేదని చెప్పే కథ గోడ కట్టినవాడికే పనికొస్తుంది. 68 రోజులకు బదులు 61 రోజులు వచ్చి ఆగిపోయిన అమ్మాయి కథ ఎవరు రాస్తారు? ఆమె ఓడిపోలేదు. ఆ 29 రోజులు ఆమె ఖాళీగా కూర్చోలేదు, ఎవరో తినే కారానికి మిరపకాయలు కోసింది. ఏ పట్టీలోనూ పడని ఆ రోజులను పట్టించుకోవడం అభ్యుదయ రచయిత బాధ్యత.

సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న సూచన. ఈ ప్రాంతపు కరువు కథలను చదివేటప్పుడు వాటిలో చదువుకునే పాత్ర ఎక్కడ కథలోనుంచి జారిపోతున్నదో గుర్తించండి. చాలా చోట్ల ఆ పాత్ర పట్నం వెళుతుంది, కథ ఊళ్లో మిగిలిపోతుంది. ఆ పాత్ర వెంట ఒక సెమిస్టరు పాటు నడిచి, దాని రోజులు ఒక్కొక్కటే లెక్కపెట్టి రాయవలసినవాళ్లు మీరే. మీలో చాలామంది ఆ పట్టీల మధ్య నుంచే ఇక్కడిదాకా వచ్చారు.